మా వాడకు రాని బావి

మా అన్న సర్పంచుగా గెలిచిన నాడు మమ్మల్ని కన్న అవ్వ ఏడ్చింది. సంతోషంతో కాదు, భయంతో. "అది వాళ్ల కుర్సీ బిడ్డా. నువ్వు గోడలు కట్టుకునేటోనివి. నీకెందుకు?" అంది. అన్న తాపీ పనికి పోయే సంచిని మూలకు పెట్టి నవ్వాడు. "ఓట్లేసినోళ్లు కూసోమన్నరు. కూసోకుంటె ఎట్ల?" అన్నాడు.

మాది ఊరికి దూరంగా, చిన్న చర్చి చుట్టూ ఉన్న వాడ. ఊరి పేరు, తాలూకా పేరు రాయను. అప్పటివాళ్ల పిల్లలు ఇంకా అక్కడే ఉన్నారు. వాళ్ల తప్పేమీ లేదు.

అవ్వ భయానికి కారణం ఉంది. నిజాం కాలంలో మా నాన్నను, మా బాపును, ఊరి దొర గడిలో కంబానికి కట్టేశారు. మా బర్రె దొర చేనులో పడిందని నేరం. ఫిర్యాదు చేసింది దొర, విన్నది దొర, శిక్ష వేసింది దొర. కొట్టింది మాత్రం దొర జీతగాడు. బాపు చెప్పుకోవడానికి ఇంకో గడప లేకపోయింది. యూనియన్ మిలిటరీ వచ్చి, నిజాం దిగిపోయి, రాజ్యాంగం వచ్చాక కూడా బాపు ఆ గడి ముందునుంచి చెప్పులు చేతపట్టుకునే నడిచాడు. అట్లా నడుస్తూనే చచ్చిపోయాడు.

నేను మిషన్ బడిలో చదివి, ట్రైనింగ్ అయి, మా ఊరి సర్కారు బడిలోనే పంతులమ్మనయ్యాను. పౌరశాస్త్రం నాకిచ్చారు. చట్టం చేసేవాళ్లు వేరు, అమలు జరిపేవాళ్లు వేరు, తీర్పు చెప్పేవాళ్లు వేరు అని పిల్లలకు చెప్పేదాన్ని. అన్నకు ఆ పాఠమంటే మహా ఇష్టం. సాయంత్రం చాయ్ తాగుతూ మళ్లీ చెప్పించుకునేవాడు.

"అంటే చెల్లె, కొట్టినోడే తీర్పు చెప్పుడు ఇగ ఉండదన్నట్టా?"

"ఉండదన్నా."

"బాపు ఉంటే మంచిగుండు" అనేవాడు.

అన్న కుర్సీ ఎక్కింది నీళ్ల కోసం. ఊళ్లో బావులున్నాయి గాని వాటి గిరకల మీద మా చేతులు పడగూడదు. మా ఆడవాళ్లు వాగు ఇసుకలో చెలిమెల గుంతలు తీసి, గిన్నెతో ముంచి కడవ నింపుకునేవాళ్లు. ఎండలు ముదిరితే పైనుంచి బర్రెలు కలచిన నీళ్లే ఆ చెలిమెల్లోకి దిగేవి. ఏటా వాడలో ఎవరో ఒకరిని గత్తర తీసుకుపోయేది. వాంతులు, విరేచనాలు, ఒక్క పూటలో మనిషి ఖతం. అందుకే పంచాయతీల పైనుండే సమితి నుంచి మా పంచాయతీకి మంచినీళ్ల బావి మంజూరు కాగానే, అది మా వాడలో తవ్వాలని అన్న తీర్మానం పెట్టాడు. ఒక్క ఓటుతో నెగ్గింది. మరునాడే సున్నంతో బావి గుండ్రం గీశాడు. రెండో తరగతి చదివే అన్న బిడ్డ వెనకాలే తిరుగుతూ, గీత వంకర పోయిందని చెబుతూ ఉంది. ఒక్కతే బిడ్డ అన్నకూ వదినకూ.

సమితి అధ్యక్షుడు దొర తమ్ముడు. ఖద్దరు కట్టేవాడు, నన్ను చూస్తే "బాగున్నవా అమ్మా" అనేవాడు. ఆయన కొత్తగా బియ్యం మిల్లు కడుతున్నాడు. బావి ఆ మిల్లు పక్కన పడాలని ఆయనకుంది. నెల తిరక్కముందే డిప్యూటీ కలెక్టర్ నుంచి ఉత్తర్వు వచ్చింది: ఊరిలో శాంతికి భంగం కలిగే అవకాశం ఉన్నందున పంచాయతీ తీర్మానాన్ని నిలిపివేయడమైనది.

అన్న కుంగిపోలేదు. "ఒక తలుపు మూసిండ్రు. ఇంకో తలుపు ఉన్నదని నువ్వే చెప్పినవ్ గద" అని కరీంనగర్ పోయి వకీలును పట్టుకున్నాడు. ఉర్దూలో చదువుకున్న ముసలి వకీలు. "జర సబర్ చెయ్యి, మున్సిఫ్ మంచోడు" అన్నాడట. మున్సిఫ్, అంటే కేసు వినే సివిల్ జడ్జి, నిజంగానే మంచివాడు. కాగితాలు చూసి, కేసు తేలేదాకా తీర్మానంలో చెప్పిన చోట తప్ప మరెక్కడా బావి తవ్వగూడదని ఉత్తర్వు ఇచ్చాడు. అన్న బిడ్డకు జిలేబీలు, వాడకు ఆ ఉత్తర్వు నకలు తెచ్చాడు. ఆ ఆదివారం పాస్టరయ్య దాన్ని చర్చిలో చదివి వినిపించాడు. బైబిలు తర్వాత మావాళ్లు అంత శ్రద్ధగా విన్నది అదొక్కటే.

అదే వారం మిల్లు పక్కన గడ్డపారలు దిగాయి.

అన్న నకలు పట్టుకొని పోయాడు. ఎవరి మీదా చెయ్యి ఎత్తలేదు. "కోర్టు ఆర్డర్ ఉన్నది, పని ఆపుండ్రి" అని గుంత గట్టున నిలబడ్డాడు. కూలీలు ఆపారు. పొద్దు వాలకముందే పోలీసులు వచ్చి అన్నను తీసుకుపోయారు. అన్న వల్ల ఊళ్లో దొమ్మీ అయ్యేట్టుందని రాసుకున్నారు. ఆ కేసు విచారించే మేజిస్ట్రేటు ఎవరయ్యా అంటే, తీర్మానం నిలిపివేసిన డిప్యూటీ కలెక్టరే.

నేను సెలవు పెట్టి పోయాను. ఆయన ఆఫీసులో పొద్దున సమితి పనుల మీద మీటింగ్. దొర తమ్ముడు ఆయన పక్కనే కూర్చొని ఉన్నాడు. మీటింగ్ అయింది, చాయ్ తాగారు, దొర తమ్ముడు లేచి బయటికి వచ్చాడు. కుర్సీ కూడా మారకుండా విచారణ మొదలైంది. అన్న చేతులు కట్టుకొని నిలబడ్డాడు. నాకు ఆగలేదు.

"సార్, తీర్మానం ఆపింది మీరే. ఇప్పుడు మా అన్న మీద కేసు వింటున్నది మీరే. ఇది ఎట్ల న్యాయమైతది?"

కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. కోపం కూడా తెచ్చుకోలేదు. "చూడమ్మా, అప్పుడు నేను డిప్యూటీ కలెక్టర్ని. ఇప్పుడు మేజిస్ట్రేటుని. రెండూ వేరు వేరు అధికారాలు. మీరు టీచరని చెప్పారు, ఆ మాత్రం తెలియదా?"

గదిలో ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

ఏడాదిపాటు గొడవ చేయనని ముచ్చలిక, అంటే పూచీకాగితం, రాసి, ఇద్దరిని జామీను పెట్టి ఇంటికి పొమ్మన్నారు. అన్న రాయనన్నాడు. "నేను లొల్లి చేయలే సార్. ఇగ చేయనని రాసిస్తే, ఇన్నొద్దులు చేసిన్నని ఒప్పుకున్నట్టే గద" అన్నాడు. కరీంనగర్ జైలుకు పంపారు.

తరువాత తిరగవలసింది నేనూ వదినా. మున్సిఫ్ ముందు వకీలు మొరపెట్టుకున్నాడు. ఆయన చాలాసేపు కాగితాలు తిప్పి, "నా కలం నా చేతుల ఉన్నది. లాఠీ నా చేతుల లేదు. నా ఉత్తర్వు అమలు చేయమని పోలీసులకు రాస్తా" అన్నాడు. రాశాడు. ఠాణాకు పోతే, పైనుంచి డిప్యూటీ కలెక్టర్ సాబు చెప్పాలన్నారు. ఆయన దగ్గరికి పోతే, విషయం కోర్టులో ఉంది, నేను కల్పించుకోగూడదన్నాడు. చివరికి మా ఎమ్మెల్యే దగ్గరికి పోయాం. మా వాడ ఓట్లన్నీ ఆయనకే పడ్డాయి. చాప వేయించాడు, మజ్జిగ ఇప్పించాడు.

"నేను చట్టం చేసేటోన్ని అమ్మా. కోర్టుల, కచేరీల వేలు పెడితె తప్పయితది. రాజ్యాంగం ఒప్పుకోదు" అన్నాడు.

వదిన మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. అప్పుడు అంది: "దొరకు మాత్రం ముగ్గురూ ఒకటే ఇంట్ల దొరుకుతరు. మేమొస్తెనే మూడిండ్లకు పోతరు."

ఎమ్మెల్యే ఆమెను చూడకుండా నావైపు చూసి, "పరేషాన్‌ల ఉన్నది పాపం" అన్నాడు.

మేం ఇట్లా తిరుగుతుండగానే ఎండలు ముదిరాయి. మిల్లు పక్క బావిలో నీళ్లు పడ్డాయి. మా వాడకు గత్తర వచ్చింది.

బిడ్డ బడికి వచ్చింది. గంట కొట్టకముందే కడుపునొప్పని నా కుర్సీ దగ్గరికి వచ్చి నిలబడింది. ఇంటికి తీసుకుపోయేలోగా రెండుసార్లు వాంతి. ఎడ్లబండి కట్టించి తాలూకా దవాఖానాకు బయలుదేరాం. వదిన ఒళ్లో పెట్టుకొని, ఉప్పు నీళ్లు చెంచాతో పోస్తూ ఉంది. సగం దారిలో ఆ నీళ్లు పెదవుల పక్కనుంచి కారిపోయాయి. వదిన అయినా పోస్తూనే ఉంది. బండివాడే ఎడ్లను ఆపి, తలగుడ్డ తీసి దిగి నిలబడ్డాడు.

బిడ్డను మట్టిచేసే వేళకు తండ్రి రావాలని ఒక మనిషిని పరుగున కరీంనగర్ పంపాం. జైలు పెద్దమనిషి మంచిగానే మాట్లాడాడట. ఖైదీని పంపాలంటే కేసు విన్న మేజిస్ట్రేటు ఆర్డర్ కావాలన్నాడు. మేజిస్ట్రేటు క్యాంపులో ఉన్నాడు. ఎక్కడి క్యాంపో ఆఫీసులో చెప్పలేకపోయారు. పాస్టరయ్య పొద్దు గుంకేదాకా సమాధి పక్కన నిలబడి, ఇక ఆగలేక ప్రార్థన మొదలుపెట్టాడు.

ఆ తర్వాత జిల్లా జడ్జి అన్నను విడుదల చేశాడు. శాంతికి భంగం అనడానికి రుజువు ఏమాత్రం లేదని, నిర్బంధం అన్యాయమని రాశాడు. వకీలు నాకు ఆ మాటలు ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పి, కళ్లు తుడుచుకున్నాడు. మేం గెలిచామన్నాడు. నేను జైలు గేటు దగ్గరికి పోయాను. బిడ్డ సంగతి వార్డరు ముందే చెప్పాడట. అన్న గడ్డం మాసి, చాలా చిన్నగా కనిపించాడు. బస్టాండు దాకా నాకంటే ముందు నడిచాడు. అక్కడ అడిగాడు.

"ఏ నీళ్లు తాగింది?"

"చెలిమె నీళ్లే."

తల ఊపాడు. పోయి బస్సు కోసం నిలబడ్డాడు.

మున్సిఫ్ కోర్టులో కేసు ఇంకా ఉంది. కాని మంచి మున్సిఫ్‌కు బదిలీ అయింది. కొత్తాయన, బావి తవ్వడం పూర్తయింది కాబట్టి ఇప్పుడు ఆపడానికి ఏమీ మిగలలేదని కొట్టేశాడు. హైదరాబాదు హైకోర్టుకు పోతే గెలవొచ్చునని వకీలు అన్నాడు. "గెలిచి?" అన్నాడు అన్న. వకీలు కాగితాలు కట్టగట్టి అన్న చేతిలో పెట్టాడు. మిల్లు పక్క బావి మీద మా ఆడవాళ్లను చేదనివ్వలేదు. కడవ కింద పెట్టి నిలబడితే, మిల్లు మనిషి దయగలిగినప్పుడు పైనుంచి పోసేవాడు. చట్టం దాన్ని నేరమంటుందని నాకు తెలుసు. ఏ సెక్షన్ కిందో కూడా పాఠంలో ఉంది.

నన్ను ఆదిలాబాద్ జిల్లాలో, ఆసిఫాబాద్ దాటి అడవి మొదట్లో ఉన్న బడికి వేశారు. పాలనా సౌలభ్యం కోసమని రాశారు. అక్కడి పిల్లల మాటల్లో సగం మరాఠీ. పంతులమ్మను వాళ్లు 'బాయి' అంటారు. మా దిక్కు బాయి అంటే బావి. మొదటి రోజు నలభై గొంతులు ఒక్కసారిగా "బాయీ, బాయీ" అని పిలిస్తే నేను బయటికి పోయి గోడకు ఆనుకొని నిలబడ్డాను. తర్వాత లోపలికి పోయి హాజరు పిలిచాను.

అన్న తాపీ మానేశాడు. వదినను తీసుకొని బెల్లంపల్లి దిక్కు పోయి బొగ్గు గనిలో చేరాడు. మీటింగులకు రానందుకు పంచాయతీ అతని పేరు కొట్టేసింది. అది మాత్రం చట్టప్రకారం, ఆలస్యం లేకుండా జరిగింది.

కొన్నాళ్లకు నేను సెలవుల్లో వాళ్ల క్వార్టరుకు పోయినప్పుడు మా వాడ పెద్దలు ఇద్దరు వచ్చారు. అన్న ఖాళీ చేసిన సర్పంచు కుర్సీకి మళ్లీ ఎన్నికట. కొత్త కలెక్టర్ మంచివాడట, ఈసారి వినేటట్టు ఉన్నాడట. "నువ్వొచ్చి నిలబడు. ఈసారి బాయి మనకే పడ్తది" అన్నారు.

అన్న వాళ్లకు బీడీలు ఇచ్చి, తనొకటి ముట్టించుకొని నేలవైపు చూస్తూ కూర్చున్నాడు. పొయ్యి దగ్గరున్న వదిన చేతులు కడుక్కొని వచ్చింది.

"అన్నం తినిపోండ్రి. ఆయన రాడు" అంది. కంచాలు పెడుతూ, "పోయినంక మీ ఇండ్లల్ల చెప్పుండ్రి, పోరగాండ్లకు నీళ్లు కాగబెట్టి పోయమని" అంది.

ఇద్దరూ తిన్నారు. అన్న వాళ్లను బస్సు ఎక్కించి, అటునుంచి అటే డ్యూటీకి పోయాడు.