ఇంజన్ పక్కన తిట్లు

ఆ ఓడ ఇంజన్ రూంలో చీఫ్ ఇంజనీరుని ఎదురుగా ‘చీఫ్’ అనీ, చాటుగా ‘పెద్దమ్మ’ అనీ పిలుస్తారు. నూనెగుడ్డ పట్టుకుని ఓడెక్కిన మనిషి చీఫ్ కుర్చీ దాకా వచ్చింది గానీ, అందులో ఆవిడ కూర్చోగా చూసినవాళ్ళు లేరు. పసిపిల్లకి జ్వరం చూసినట్టు ప్రతి పంపునీ చేత్తో తాకి చూస్తుంది. ఎవరైనా తప్పు చేస్తే నలుగురిలో ఒక్క మాట అనదు. చెవులు చిల్లులు పడే పెద్ద ఇంజన్ పక్కకి తీసుకెళ్ళి, కళ్ళెర్రజేసి, వేలు ఆడిస్తూ కడుపునిండా తిడుతుంది. ఆ మోతలో ఒక్క ముక్క వినపడదు. ఎదుటివాడు బుద్ధిగా తలూపి బయటపడతాడు.

మొన్న సెకండ్ ఇంజనీరు, నలభై దాటినవాడు, నీళ్ళ వాల్వు తెరవడం మర్చిపోయాడు. ఇంకాసేపైతే పంపు మాడిపోయేది. పెద్దమ్మ అతన్ని ఇంజన్ పక్కన నిలబెట్టి తిట్లు అందుకుంది. అంతలో జనరేటర్ ఆగింది, దాంతో ఇంజనూ ఆగింది. ఆ నిశ్శబ్దంలో ఆవిడ గొంతు ఒక్కటే ఖంగుమంది. “...రెండ్రోజుల్నుంచి అన్నం కెలికి లేస్తున్నావు, నాకు కళ్ళు లేవనుకున్నావా? ఇంటి దగ్గర పాపకి ఎలా ఉందో చెప్పి ఏడవ్వేం?”

ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. ఆవిడ వేలు ఇంకా గాల్లోనే ఉంది.

“నన్నేం చూస్తారు, జనరేటర్ చూడండి,” అంది.

ఆ తర్వాత ఆవిడ ఇంజన్ పక్కకి పిలిస్తే ఎవరికీ భయం లేదు. భయపడ్డట్టు మొహం పెట్టడం మాత్రం ఎవరూ మానలేదు.