కుడివైపు నుంచి వచ్చే బండి

డ్రైవరు బాబాయి పోయారని పోయిన గురువారం పొద్దున చిల్లకల్లు నుంచి ఫోను వచ్చింది. చేసింది వాళ్ల అల్లుడు. "మావయ్యగారు నిద్రలోనే వెళ్లిపోయారండి. ముందు మీకు చెప్పమని అత్తయ్యగారు అన్నారు" అన్నాడు. "వస్తున్నా" అన్నాను. మామూలుగానే నాకు మాటలు తక్కువ. ఆ సంగతి బాబాయికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

ఆయన నాకు చుట్టం కాదు. జగ్గయ్యపేట నుంచి నందిగామ మీదుగా బెజవాడ వెళ్లే బస్సును పాతికేళ్ల పైన నడిపిన మనిషి. ఇది చదివేవాళ్లలో కొందరు ఆయన వెనక కూర్చుని కాలేజీకో, కోర్టుకో, ఆస్పత్రికో వెళ్లే ఉంటారు. ఎంత దూరం వెళ్లినా ఆయన వీపు తప్ప మొహం చూసి ఉండరు.

మొహం నేను చూశాను. నందిగామ బస్టాండు ఎదురు సందులో నాకు నాలుగు కంప్యూటర్ల షాపు ఉండేది. తొంభైల చివర్లో పెట్టాను. పొద్దున టైపింగు పని, సాయంత్రం వీడియో గేములు. కంప్యూటరు నాకు ఎవరూ నేర్పలేదు. పాడైనవాటిని విప్పి, బిగించి, మళ్లీ పాడుచేసి నేర్చుకున్నాను. ఏ మిషను మీద ఎవరు కూర్చున్నారో, ఎప్పుడు లేచారో రోజూ ఒక పుస్తకంలో రాసేవాణ్ణి. ఆ పుస్తకాలు ఇంకా ఉన్నాయి. ఇది రాయబోయే ముందు వాటిని తిరగేశాను. ఆయన మొదటిసారి వచ్చిన రోజున ఇలా రాసి ఉంది: "రిటైరయిన డ్రైవరు గారు. వాన. ఊరికే చూశారు."

ఊరికే ఏమీ చూడలేదు. వానకు తలదాచుకోవడానికి గుమ్మంలోకి వచ్చి, తువ్వాలుతో తల తుడుచుకుంటూ తెర వంక చూశారు. మిషను మీద శ్రీను ఉన్నాడు. ఎదురుగా మందుల షాపులో పనిచేసేవాడు. వాడి కారు గోడను గుద్ది, బంతిలా ఎగిరి, మళ్లీ రోడ్డు మీద పడి పరుగెత్తింది.

"ఆ అబ్బాయిని దించెయ్యవయ్యా, బండి పాడుచేస్తన్నాడు" అన్నారు నాతో.

శ్రీను వెనక్కి తిరక్కుండానే "ఇది పాడవదు బాబాయ్. ఇంజను లేదు దీనికి" అన్నాడు.

"ఇంజను లేకుండా అంత మోతెందుకు మరి?"

అప్పటినుంచి ఆయన మా అందరికీ బాబాయి అయ్యారు. సాయంత్రం నాలుగు గంటల బస్సు దిగి వచ్చేవారు. నెల తిరక్కముందే తనే ఆడటం మొదలుపెట్టారు. హైదరాబాదు నుంచి పాత స్టీరింగు ఒకటి తెప్పించి ఒక మిషనుకు బిగించాను. దానికి కింద రెండు పెడళ్లు. గుమ్మం బయట చెప్పులు విడిచి, కూర్చునే ముందు స్టీరింగును తాకి వేళ్లు కళ్లకు అద్దుకునేవారు. ప్లాస్టిక్కు చక్రమే అయినా. ఎడమ కాలు మాత్రం లేని క్లచ్చు కోసం నేలంతా వెతికేది.

ఒకసారి పోటీ మధ్యలో, వెనకనుంచి ఒక కారు దూసుకొస్తుంటే బండిని ఎడమ పక్కకు తీసి, కుడి చెయ్యి గాల్లోకి చాచి, ముందుకు పొమ్మన్నట్టు ఊపారు. షాపంతా ఒకటే నవ్వు.

"బాబాయ్, అది పోటీ అండి! దారిస్తారేంటి?"

"పాపం తొందరలో ఉన్నాడు. పోనీయ్."

ఆయనకు ఒక బాధ ఉండేది. రిటైరవడానికి మూడేళ్ల ముందు కళ్ల పరీక్షలో పనికిరారని స్టీరింగు మీదనుంచి దించారు. డిపోలో టైర్లకు గాలి చూసే పనిలో పెట్టారు. సర్వీసు మొత్తంలో ఒక్క యాక్సిడెంటు లేని మనిషిని, చివరి మూడేళ్లు, తన బస్సును వేరేవాళ్లు తోలుకుపోతుంటే చూస్తూ నిలబెట్టారు. ఆ మాట వచ్చినప్పుడల్లా ఒకటే అనేవారు: "ఆ గదిలో లైటు సరిగా లేదయ్యా." మేమూ అవునండి అనేవాళ్లం. ఏం లైటో, ఏ గదో మాకేం తెలుసు.

వీరులపాడు నుంచి వచ్చి ఇక్కడ డిగ్రీ చదివే రవి ఒకనాడు బెజవాడలో కొన్న కంప్యూటరు పత్రిక తెచ్చాడు. రాబోయే కార్ల ఆటలు రెండింటి గురించి అందులో బొమ్మలతో సహా వేశారు. నా మిషన్లలో అలాంటి కొత్త ఆటను మోసే సత్తా ఒక్కదానికే ఉంది. అందులో రెండూ పట్టవు. ఏది పెట్టాలన్నదాని మీద దాదాపు నెలరోజులు మా షాపులో పంచాయతీ నడిచింది.

రవిది ఒకటే పట్టు. "ఇందులో టైర్లు అరుగుతాయంట బాబాయ్. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కితే జారుద్దంట. గుద్దితే సొట్ట పడి ఇంక బండి కదలదంట. అచ్చం నిజం."

"పొద్దుట్నుంచి మాత్రల పేర్లు చదివి చదివి ఇక్కడికొస్తా నేను" అనేవాడు శ్రీను. "ఇక్కడికొచ్చి టైర్లు అరిగినయ్యా లేదా చూసుకోవాలా? ఎగరాలి, పడాలి, మళ్లీ పోవాలి. అదీ ఆటంటే. నీకు నిజం కావాలంటే బయటికి పో, హైవే మీద బోలెడుంది."

"నువ్వాడేది కారు కాదురా, రబ్బరు బంతి."

"నువ్వాడబొయ్యేది ఆట కాదురా, డ్రైవింగు స్కూలు!"

చివరికి ఇద్దరూ బాబాయి వైపు తిరిగేవాళ్లు. ఆయన పత్రికను మొహానికి దగ్గరగా పెట్టుకుని, కాస్త ఎడమకు జరిపి, బొమ్మలన్నీ చూశారు.

"హారనేదీ?" అన్నారు.

రవి వెతికాడు. హారను సంగతి ఎక్కడా రాయలేదు.

"హారను లేంది నిజం బండెట్టా అయిద్దయ్యా? రోడ్డు మీద మనుషులేరీ? గేదెలేవీ? టైరు అరగటం నిజం కాదు. వెనక యాభైమంది కూర్చున్నప్పుడు గానీ బ్రేకు బరువు తెలవదు."

శ్రీను తనే గెలిచానని ఈల వేశాడు. అంతలో బాబాయి, "అయినా సరే, ఆ నిజం దాన్నే పెట్టవయ్యా" అన్నారు నాతో. "నేను కూర్చుంటా. డాక్టరు చెప్పింది నిజమో, నేను చెప్పేది నిజమో తేలిపోద్ది."

ఆయన అలా అనడానికి కారణం ఉంది. ఊళ్లో ఒక ప్రైవేటు స్కూలువాళ్లు జూన్ నుంచి తమ బస్సు నడపమని ఆయన్ను పిలిచారు. కళ్ల పరీక్ష గురించి ఎవరూ అడగలేదు, ఆయన చెప్పలేదు. కొత్త ఖాకీ చొక్కా కుట్టించుకుని, అది వేసుకుని వచ్చి మాకు చూపించారు. "డిపోకి పనికిరాకపోతేనేం, పిల్లలకి పనికొచ్చా" అన్నారు. ఆ రోజు అందరికీ టీ ఆయనే చెప్పారు. చెబుతూ చెబుతూ, కుడి మోచేతి దగ్గరున్న గ్లాసును పడగొట్టేశారు.

అది మూడో గ్లాసు. లెక్కపెట్టింది నేనొక్కణ్ణే. షాపు గుమ్మం దాటేటప్పుడు ఆయన కుడి భుజం ద్వారబంధానికి తగలడం, కుడివైపు నుంచి పిలిస్తే మనిషంతా తిరిగి చూడటం కూడా గమనించాను. గమనించి ఊరుకున్నాను. పెద్దాయన సంతోషంగా ఉన్నారు, మనకెందుకులే అనుకున్నాను.

కొత్త ఆట మే నెలలో వచ్చింది. ఒక ఆదివారం పొద్దున ఆయన ఖాకీ చొక్కాతోనే వచ్చారు. చెప్పులు విడిచారు. స్టీరింగును కళ్లకు అద్దుకున్నారు. మొదట రోడ్డు మీద ఒక్కరే వెళ్లారు. మలుపుకు ఎంతో ముందే వేగం తగ్గించి, మలుపులో బండిని కదిలీ కదలనట్టు తిప్పి, బయటికొచ్చాక వేగం అందుకునేవారు. అప్పటిదాకా ఆ మలుపులన్నిట్లో బోల్తా కొట్టిన రవి నోరు తెరిచి చూస్తున్నాడు.

"చూశావా?" అన్నారు బాబాయి. "ఇప్పుడు మిగతా బండ్లని కూడా వదులు."

వదిలాను. రెండో మలుపు దాటాక ఒక కారు వెనకనుంచి వచ్చి, ఆయన్ను దాటడానికి కుడివైపు ఎక్కింది. ఆయన నింపాదిగా కుడివైపుకే తిప్పారు. రెండూ గుద్దుకున్నాయి. ముందుభాగం నుజ్జయి బండి ఆగిపోయింది. పాత ఆటలో అయితే ఎగిరి మళ్లీ రోడ్డు మీద పడేది. ఇందులో పడలేదు.

"ఎక్కణ్ణుంచొచ్చాడు వీడు?"

మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ అదే. మూడోసారి కూడా.

శ్రీను అప్పుడు మెల్లగా అన్నాడు. "చాలాసేపట్నుంచి మీ కుడిపక్కనే ఉన్నాడు కదండి, బాబాయ్."

ఆయన స్టీరింగు వదిలారు. "రవీ, ఇట్రా. నేను ఎదరకే చూస్తుంటా. నీ చెయ్యి నా కుడి చెవి దగ్గర్నుంచి మెల్లగా ముందుకి తీసుకురా. కనపడగానే చెప్తా. ఆ డాక్టరు కూడా ఇట్టాగే చేశాడు."

రవి చెయ్యి చెవి దాటింది. కణత దాటింది. కంటికి ఎదురుగా వచ్చింది. దాదాపు ముక్కు దగ్గరికి వచ్చాక ఆయన "ఆ" అన్నారు.

రవి చెయ్యి దించేశాడు. తర్వాత ఆయనే అన్నారు: "అయితే ఆ గదిలో లైటు బాగానే ఉందన్నమాట."

ఆ రోజు పుస్తకంలో నేను రాసుకుంది ఇంతే: "బాబాయి. నిజం ఆట. మూడుసార్లు. కుడివైపు."

బస్టాండు దాకా ఆయనతో నడిచాను. "నీకు ముందే తెలుసా?" అని అడిగారు.

"అనుమానం ఉందండి."

"మరి చెప్పవేం?"

నేను నా చెప్పుల వంక చూస్తూ నడిచాను.

"నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే లేకపోతే?" అన్నారు. గొంతులో కోపం లేదు. అందుకే ఎక్కువ తగిలింది. "నేను బాధపడతానని ఊరుకున్నావు. నేనా బస్సెక్కి ఉంటే, నీ మొహమాటం వెనకాల ముప్పైమంది పిల్లలు కూర్చునేవాళ్లయ్యా."

రోడ్డు దాటాల్సిన చోట ఆగి నా చెయ్యి పట్టుకున్నారు. "ఇటు రా. నా కుడివైపు నడువు. ఏదన్నా వస్తే చెప్పు. నోటితో చెప్పు."

"ఆటో వస్తోందండి" అన్నాను.

"ఎంత దూరం?"

"దగ్గర్లోనే. ఆగండి."

ఆగాం. ఆటో వెళ్లిపోయింది. "పదండి" అన్నాను. నా బతుకులో ఒక మనిషికి నేను నోరు విప్పి పనికొచ్చింది బహుశా అదే మొదటిసారి.

మర్నాడే ఆయన స్కూలుకు వెళ్లి కుదరదని చెప్పి వచ్చారు. ఎందుకో కూడా చెప్పారట. చెప్పకపోయినా అడిగేవాళ్లు లేరు. వారం పాటు షాపు వైపు రాలేదు. ఇంక రారేమో అనుకున్నాను. ఎనిమిదో రోజు నాలుగు గంటల బస్సు దిగి వచ్చి, చెప్పులు విడిచి, పాత మిషను ముందు కూర్చున్నారు.

"నిజం చూశాగా. ఇంక ఆట పెట్టు."

శ్రీను ఎగిరి గంతేశాడు. "నేను గెలిచా! బాబాయ్ మా పార్టీ!"

"నీ మొహం. నువ్వూ గెలవలా, వాడూ గెలవలా" అన్నారు బాబాయి, బండిని నేరుగా గోడకేసి గుద్దుతూ. కారు ఎగిరింది, పడింది, పరుగెత్తింది. "తప్పు చేసినా ఎవరికీ ఏం కాని రోడ్డు ఒకటుండాలయ్యా మనిషికి. దాన్ని అసలు రోడ్డనుకోకూడదు, అంతే."

రవి మాత్రం ఒప్పుకోలేదు. ఆ వాదన మా షాపులో ఇంకో నాలుగేళ్లు, కొత్త ఆట వచ్చినప్పుడల్లా సాగింది. తర్వాత ఇళ్లలోకే కంప్యూటర్లు వచ్చేశాయి. గేములు తీసేసి రిపేర్ల పని పెట్టుకున్నాను. రవి, శ్రీను ఎవరి దారిన వాళ్లు వెళ్లారు. బాబాయి మాత్రం నెలకోసారైనా వచ్చేవారు. ఇద్దరం టీ కొట్టు దాకా నడిచేవాళ్లం, నేను కుడివైపు. "సైకిలు", "లారీ, దూరంగా ఉంది", "గేదెలు, నాలుగు" అని చెబుతూ నడిచేవాణ్ణి. ఆయన మధ్యమధ్యలో "ఏ రంగు లారీ?" అని అడిగేవారు. రంగుతో ఆయనకు పనేమీ లేదు. నన్ను ఇంకో మాట మాట్లాడించడానికే. ఆయన వచ్చి వెళ్లిన రోజున ఇంట్లో మా ఆవిడ, "ఇవాళ మీ బాబాయి గారొచ్చారా? నోట్లో మాటలున్నాయి" అనేది.

ఈమధ్య రెండో కన్ను కూడా తగ్గింది. బస్సెక్కడం మానేశారు. చివరిసారి నేనే చిల్లకల్లు వెళ్లాను. కొట్టంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నారు. హైవే మీద పోయే బండ్ల చప్పుడు వింటూ, ఏది లోడుతో పోతోందో, ఏది ఖాళీగా పోతోందో నాకు చెప్పారు. నేను లేచి చూసి వచ్చి అవునన్నాను. ఒకటి తప్పు చెప్పారు. "అది ఖాళీ లారీ అండి" అన్నాను. చాలాసేపు నవ్వారు.

గురువారం మధ్యాహ్నం ఆయన్ను తీసుకువెళ్లారు. శ్మశానానికి హైవే దాటి వెళ్లాలి. మోసేవాళ్లు నలుగురూ బంధువులే. నేను వెనకెక్కడో నడుస్తున్నాననే అనుకున్నాను. రోడ్డు అంచుకు వచ్చేసరికి చూసుకుంటే, పాడె పక్కనే, ఆయన కుడివైపున ఉన్నాను. ఎప్పుడు వచ్చి చేరానో నాకే తెలియదు. ముందున్నవాళ్లు తలలు వంచుకుని అడుగు వేయబోతున్నారు.

"లారీ వస్తోంది. ఆగండి" అన్నాను. గట్టిగానే అన్నాను.

అందరూ ఆగారు. ఎర్ర లారీ. లోడుతో ఉంది. అది వెళ్లేదాకా చూసి, రోడ్డు రెండు వైపులా ఖాళీ అయ్యాక, "పదండి" అన్నాను.