రొట్టె పొరలో పల్లి ముద్ద

మా మనవరాలు స్వప్న పొద్దున్నే ఒక సీసా మూత తిప్పింది. అంతే, వనపర్తిలోని మా వంటిల్లంతా వేయించిన పల్లీల వాసనతో నిండిపోయి, పేపరు చదువుతున్న నా ముక్కు పేపరును వదిలేసి అటు తిరిగింది. సీసాలోని ముద్దను చెంచాతో తీసి, రెండు బ్రెడ్డు ముక్కల మధ్య పూసి, అందులో అరటిపండు చక్రాలు పేర్చి, "తాతా, పీనట్ బటర్ శాండ్‌విచ్. తింటవా? మస్తు బలం" అంది.

నేను కళ్ళద్దాలు తీసి, గొంతు సవరించుకొని, "బిడ్డా, దీన్ని కనిపెట్టిందే నేను" అన్నాను.

"ఎప్పుడు?"

"ఐదో తరగతిల."

ఆ పిల్ల నవ్వుకుంటూ డబ్బా సర్దుకొని కాలేజీకి పోయింది. పుట్టినప్పటి నుంచి నా మాటలు వింటున్నది కదా, విన్నదాంట్లో సగం కొట్టేసి మిగతా సగాన్ని కూడా అనుమానంగానే చూస్తుంది. మీకు నా సంగతి ఇంకా తెలియదు కాబట్టి మొత్తం చెప్తాను.

మా ఊరు గోపాల్‌పేట దాటినాక ఎర్రచెలకల నడుమ ఉంది. మాకు వాన మీదే పండే చెలక యాభై ఎకరాలు ఉండేది. సరే, ఐదు. అందులో రెండు కౌలువి. ఆ ఐదెకరాల్లో పల్లికాయ పీకే రోజులొస్తే మా ఒంటి మీద మట్టి వాసన పోయేది కాదు. ఉప్పేసి ఉడకబెట్టిన పచ్చికాయ ఆవిరి ఇల్లంతా తిరిగేది, చెలకలోనే కంపమంట వేసి చెట్లకు చెట్లే అందులో పడేసి, బూడిదలో నుంచి కాలిన కాయలు ఏరుకొని తిని నల్లని మూతులతో ఇంటికి వచ్చేవాళ్ళం. ఆడపిల్లలు ఎండుకాయల కొసలు కొద్దిగా చీల్చి చెవులకు తగిలించుకొని కమ్మలని ఊపుకుంటూ తిరిగేవాళ్ళు. సద్దుల బతుకమ్మ నాడు చక్కెర కలిపిన పల్లీల పొడి పిడికెడు నోట్లో పోసుకొని ఎదుటివాళ్ళతో మాట్లాడటం మా ఆటల్లో పెద్ద ఆట. వాళ్ళ మొఖం తెల్లబడితే మనం గెలిచినట్టు.

ఇంత పల్లికాయ రాజ్యానికి న్యాయమూర్తి మా అవ్వ, నాయినను కన్న తల్లి. కాయ ఎండిందో లేదో నాయిన చేత్తో గలగలలాడించి చూసేవాడు, కొత్తకోట నుంచి వచ్చే బేరగాడు చెవి దగ్గర పెట్టుకొని వినేవాడు, కానీ చివరికి ఇద్దరూ అవ్వ దిక్కే చూసేవాళ్ళు. అవ్వ ఒక్క గింజ పంటికింద వేసేది. టప్పుమని ఒక చప్పుడు. కళ్ళు మూసుకొని నమిలి, "ఇంకొక్క ఎండ గావాలె" అనేది. ఆ మాటకు తిరుగు లేదు. బేరగాడు కూడా మరుసటి రోజు మళ్ళీ వచ్చేవాడు.

రోహిణి ఎండల్లో, వానలు పడకముందు, విత్తనానికి కాయలు ఒలిచే పని ఉండేది. వాకిట్లో పందిరి కింద ఇంటివాళ్ళం, ఇరుగుపొరుగు ఆడవాళ్ళం... చూశారా, చెప్పే జోరులో నేనూ ఆడవాళ్ళలో కలిసిపోయాను. వాళ్ళూ మేమూ కలిసి పదిమందిమి కూర్చునేవాళ్ళం. విత్తనపు గింజ నోట్లో వేసుకోవడం మహా నేరం. అందుకు అవ్వ ఒక ఉపాయం పెట్టింది. పొద్దుగూకేదాక కథ చెప్పేది. అన్ని ఊళ్ళల్లో కథ వినేవాళ్ళు ఊఁ కొడతారు. మా పందిరి కింద ఊఁ చెల్లదు, ఆఁ అనాలి. ఊఁ అంటే నోరు మూసే ఉంటుంది, లోపల ఏముందో దేవునికే ఎరుక. ఆఁ అంటే నోరు తెరవాలి. అవ్వ ఒక మాట చెప్పి ఒక్కొక్కరి నోట్లోకి చూసేది. అయినా నేను రోజుకు వంద గింజలు తినేవాణ్ణి. సరే, ఏడెనిమిది. నాలుక కింద దాచే విద్య అంతకు మించి పనిచేయదు.

అట్లాంటి అవ్వకు నా ఐదో తరగతి ఏడాదిలో పళ్ళన్నీ పోయాయి. ఊగుతున్న చివరి నాలుగింటిని వనపర్తి దవాఖానలో పీకించుకొని వచ్చింది. వచ్చిన వారం రోజులకే అన్నం ముట్టడం మానేసింది. లోపలి గదిలో, మా అర్రలో, గోడ దిక్కు తిరిగి కూర్చొని, చెంబెడు పల్చని జొన్న అంబలి తాగి పడుకునేది. మోచేతి కింద ఆగే గాజులు మోచేయి దాటి పైకి పోయేవి. "అత్తా, రొట్టె పాలల్ల నానబెట్టి ఇస్త, జర తిను" అని అమ్మ బతిమాలితే, "నేనేమన్న పసిపిల్లనా?" అని కసిరేది. అప్పుడు పదేళ్ళవాణ్ణయిన నేను, అవ్వ బాధ చూడలేక, జాలితో కరిగిపోయి...

ఇక్కడ ఆగాలి. జాలి సంగతి తర్వాత. జరిగింది ఇది.

పళ్ళు పీకించుకున్నాక విత్తనాలు ఒలిచే మొదటి రోజు అవ్వ ఎప్పటిలాగే కథ ఎత్తుకుంది. "ఏడు సముద్రాల అవతల" అన్నప్పుడు పళ్ళు లేని నోట్లో నుంచి సన్నగా ఈల వచ్చింది. అందరూ విన్నారు. నవ్వింది నేనొక్కణ్ణి. నవ్వి ఊరుకుంటే బాగుండేది, ఆ ఈలను నా నోటితో మళ్ళీ ఊది చూపించాను. అచ్చు గుద్దినట్టు వచ్చింది. దాంతో పందిరి కిందున్న పదిమందీ పగలబడి నవ్వారు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లేచి అర్రలోకి పోయింది. నలుగురిలో నోరు తెరవడం ఆనాటితో బంద్. మాటా లేదు, ముద్దా లేదు. ఎండ దెబ్బ అన్నాడు నాయిన, దిష్టి అంది అమ్మ. మా అక్క మాత్రం నన్ను రోలు చాటుకు లాక్కుపోయి, "నువ్వు ఊదవట్టికే అవ్వ తింటలేదుర. నువ్వే తినిపియ్యాలె, లేకుంటే నాయినకు చెప్త" అంది.

మొదటి ప్రయత్నం పల్లీల పొడి. రోట్లో దంచి, బెల్లం కలిపి ఇచ్చాను. పొడి పోయి గొంతులో పడి అవ్వ దగ్గిన దగ్గుకు ఇంటిల్లిపాదీ పరుగెత్తుకొచ్చారు. రెండోది డబల్ రొట్టె, అదే ఇప్పటి బ్రెడ్డు. ఆ రోజుల్లో జరమొస్తే తప్ప డబల్ రొట్టె మొఖం చూసేది లేదు. అందుకని పొయ్యి ముందు కూర్చొని నుదురు కాచుకొని జరం తెచ్చుకున్నాను. నాయిన కొత్తకోట పోయి తెచ్చాడు. రెండు ముక్కల నడుమ బెల్లం, పొడి కలిపిన ముద్ద పెట్టి అవ్వ ముందు ఉంచితే, "ఏంది గిది? నాకు జరమొచ్చిందా? సస్తున్ననా? ఎవడు చెప్పిండ్ర నీకు?" అని వాకిట్లోకి విసిరేసింది. మా కుక్క ఎగిరి అందుకుంది. గోపాల్‌పేట మండలంలో శాండ్‌విచ్ తిన్న మొట్టమొదటి ప్రాణి అది.

ఇంట్లో తినే పల్లీలు ఆ దెబ్బతో అయిపోయాయి. మిగిలినవి గుట్ట కింది చెలక కాయతో నింపిన విత్తనపు కుండలోవే. ఆ కుండ మీద అవ్వ కన్ను తప్ప వేరే తాళం లేదు, ఆ కన్ను ఇప్పుడు గోడ దిక్కు ఉంది. దోసెడు తీశాను. పగిలిన కుండ పెంకు మీద సన్నసెగన వేయించి, పొట్టు ఊది, పచ్చడి తొక్కు నూరే రాయి మీద వేసి రెండు గంటలు నూరాను. అంటే, నూరింది అక్క. నేను పక్కన కూర్చొని "ఆగకే, ఆగకే" అన్నాను. ముందు పొడైంది, తర్వాత పిండి ముద్దలా గట్టిపడింది, ఇక కాదనుకునే వేళకు ఉన్నట్టుండి మెరుపెక్కి, నూనె వదిలి, రాయి మీద వెన్నలా జారడం మొదలుపెట్టింది. అక్కా నేనూ ఒకరి మొఖం ఒకరం చూసుకున్నాం. వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే పంటితో పనే పడలేదు.

అమ్మ పెనం మీద జొన్నరొట్టె వేస్తున్నది. కాలిన రొట్టె పొంగి, పైపొర కిందిపొర వేరు కావడం మీరు చూసే ఉంటారు. ఆ పొరను వేలు కాలుతుంటే విప్పి, లోపల ముద్ద పూసి, చిటికెడు ఉప్పు, కాస్త బెల్లం తురుము చల్లి, మళ్ళీ మూసి అరచేత్తో ఒత్తాను. గట్టి అంచు చుట్టూ తుంచేశాను. లోపలి ఆవిరికి రొట్టె పాత గుడ్డలా మెత్తబడింది.

కానీ తినమంటే అవ్వ తినదు. గడప బయటే నిలబడి, "అవ్వా, పల్లీలు బాగనే ఎండినయని నాయిన అంటున్నడు. ఎండలేదని అక్క అంటున్నది. నువ్వు చెప్పు" అన్నాను.

"పళ్ళు లేని ముసల్దాన్ని అడుగుతున్నవా?" అంది గోడతోనే.

"నువ్వు గాక ఎవలు చెప్తరు?"

చెయ్యి వెనక్కి చాపింది. రొట్టె పెట్టాను. నాలుకతో అంగిలికి ఒత్తుకుంటున్నట్టు దవడలు మెల్లగా కదిలాయి. నేను, నా వెనక అక్క, ఆమె వెనక పిండి చేతులతో అమ్మ, చూస్తూ నిలబడ్డాం.

"ఎండినయి," అంది అవ్వ. ఇంకో ముద్ద. "ఒక దిక్కు మాడ్చినవ్." ఇంకో ముద్ద. "ఉప్పెక్కువ." అప్పుడు ఇటు తిరిగింది. "గుట్ట కింది చెలక కాయ గదర ఇది. అంటే విత్తనం కుండలయి! ఎన్ని దీసినవ్ర దొంగా?"

"దోసెడు."

అవ్వ నా మొఖంలోకి చూసింది.

"సోలెడు," అన్నాను. అంటే దోసెడు మీద ఇంకో పిడికెడు.

"ఇంకొక రొట్టె తే."

పంటికింద వేయకుండా నాలుకతోనే చెలక పేరు చెప్పింది మా అవ్వ! మరుసటి రోజు పందిరి కిందికి తనే వచ్చి, నన్ను మోకాలి పక్కన కూర్చోబెట్టుకొని, "ఏడు సముద్రాల అవతల" అని ఈలతో సహా మొదలుపెట్టి, "ఏమ్ర, ఊదవా?" అని నా జుట్టు పట్టింది. పదిమందీ కలిసి ఆఁ అన్న చప్పుడుకు ఇంటిమీది పావురాలు లేచిపోయాయి. విత్తనం సోలెడు తగ్గినందుకు నాయిన నాలుగు తగిలించాడు. తగిలించి, తను కూడా రెండు రొట్టెలు తిన్నాడు.

ఆ తర్వాత ఆ రొట్టె కోసం ఊరంతా మా ఇంటి ముందు వరుస కట్టింది. సరే, ముగ్గురొచ్చారు, అందులో ఒకామె నిప్పు కోసం వచ్చింది. కానీ ఇంట్లో మాత్రం ఎవరి తీరు వాళ్ళది. నాయినకు ముద్దలో ఎల్లిపాయ, ఎండుమిరపకాయ నూరి కలపాలి, పైన ఉల్లిగడ్డ చెక్క పెట్టాలి, అది చెలకకు పోయే రొట్టె. అక్కకు పుల్లటి మామిడికాయ తురుము కావాలి. అమ్మ సజ్జరొట్టెలో నువ్వులు కలిపి చేసుకునేది, అందరూ తిన్నాక. అవ్వకు ఎప్పుడూ మొదటిదే, మెత్తటిది, బెల్లంది, ఒక దిక్కు కొంచెం మాడిందే కావాలి. మాడ్చకుండా చేస్తే "గిది నువ్వు చేసింది గాదు" అని పక్కన పెట్టేది.

ఇప్పుడు కాయలు ఒలవడానికి మిషన్లున్నాయి. బస్తా పోస్తే నిమిషాల్లో గింజ, పొట్టు వేరు, ఎవరి నోట్లోకీ ఎవరూ చూడరు. గుట్ట కింది చెలకకు కాలువ నీళ్ళొచ్చి వరి పచ్చగా ఉంది, నాకు సంతోషమే. పందిరి లేదు. తొక్కు నూరే రాయి నల్లా కింద బట్టలుతకడానికి పోయి, తర్వాత ఎటు పోయిందో తెలియదు. ఎండింది, ఎండలేదు అని తీర్పు చెప్పడానికి ఒక చిన్న యంత్రాన్ని గింజల్లో గుచ్చుతున్నారు, అంకె వస్తుంది.

ఆ రొట్టె తిని మా అవ్వ ఇంకో ఇరవై ఏండ్లు బతికిందని మా మనవరాలికి చెప్పాను. అది నిజం కాదు. ఆరేండ్లు బతికింది. ఆ ఆరేండ్లలో ఒక్క పూట కూడా అర్రలోకి పోయి ఒంటరిగా తినలేదు. ఈ ఒక్క మాటలో నేను కలిపింది ఏమీ లేదు.