మూత తీసిన మ్యాన్‌హోల్

నిన్న సాయంత్రం ఉరుములతో కుండపోతగా కురిసిన వానకు మా అశోక్‌నగర్ సందు మళ్లీ కాలువైంది. మూడో అంతస్తు బాల్కనీలోంచి చూస్తుంటే కింద ఎవరో ఒకాయన, తన కారు చుట్టూ నిలిచిన నీళ్లు పోవాలని గునపంతో మ్యాన్‌హోల్ మూత లేపి పక్కకు నెట్టి, చేతులు దులుపుకుని లోపలికి వెళ్లిపోయాడు. పైనుంచి గొంతు చించుకుని అరిచాను. వాచ్‌మన్ వచ్చి అక్కడొక చెట్టుకొమ్మ నిలబెట్టేదాకా ఊరుకోలేదు. ఈ వయసులో ఇంత కోపమేమిటని మా కోడలు విస్తుపోయింది. నా ఈడువాళ్లకైతే చెప్పుకోవచ్చు, ఈ కోపం నిన్నటిది కాదు.

ఉద్యోగాల కోసం గుంటూరు వైపు నుంచి వచ్చి, అప్పట్లో ఈ సందులోనే కింది పోర్షన్‌లో అద్దెకుండేవాళ్లం. నేను నారాయణగూడలో ఒక బడిలో తెలుగు చెప్పేదాన్ని, మా వారు ఆఫీసుకు వెళ్లేవారు, తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయిన మా అత్తగారు మంచం మీద ఉండేవారు. నల్లకుంట, అంబర్‌పేటల వైపు పోయే పెద్ద మురుగుకాలువ, నాలా, మా సందు చివరే ఉండేది. వానొస్తే ముందు దాని కంపు వచ్చేది, తర్వాత నీళ్లు వచ్చేవి, అయినా చీలమండ దాటేవి కావు. ఎదురింటాయన కారు ఎక్కించుకోవడానికని రోడ్డు పక్క మోరీ పూడ్చి ఎత్తుగా సిమెంటు ర్యాంపు పోయించాకే వాననీరంతా మా గుమ్మంవైపు తిరిగింది. ఆయనా మా జిల్లావాడే, పండగకి మాకు అరిసెలు పంపినవాడే. మోరీ మాట ఎత్తితే మాత్రం, కష్టంగా ఉంటే ఇల్లు మారండి అనేవాడు.

ఒకరోజు నాకు బడి ఒంటిపూటే, మా వారు ఆఫీసులో ఉన్నారు. మధ్యాహ్నం ఆకాశం ఒక్కసారిగా నల్లబడి, ఇల్లు అదిరేలా ఉరిమి, వాన మొదలైంది. బియ్యం డబ్బాలు గట్టు ఎక్కించేలోపే మంచం కోళ్లు మునిగాయి. మోకాలిలోతు నీళ్లలో ఎదురింటికి వెళ్లి, అత్తగారిని కాసేపు వాళ్ల వరండాలో పడుకోబెట్టనివ్వమని బతిమాలాను.

"కిందంతా సామాను ఉందమ్మా. వాన ఎంతసేపు, కాస్త ఓపిక పట్టండి," అని ఆయన గ్రిల్ వేసుకున్నాడు.

ఎదురింటి పక్క మేడ మీది హాస్టల్లో, తెలంగాణ పల్లెల నుంచి సర్కారు కొలువుల పరీక్షలకు చదువుకోవడానికి వచ్చిన ఆడపిల్లలు ఉండేవారు. వాళ్లంటే మా అత్తగారికి గిట్టేది కాదు. నవ్వులు ఎక్కువని, మా కుళాయి దగ్గర బిందెలు పెడతారని సణిగేవారు. వాళ్లలో పాలమూరు వైపు అమ్మాయి ఒకతె కానిస్టేబుల్ ఉద్యోగానికి మొదటి రాతపరీక్ష గట్టెక్కి, పరుగు పరీక్ష కోసం రోజూ తెల్లవారుతూనే గ్రౌండ్‌కు వెళ్లేది. నేను నీళ్లలో నిలబడి ఏడుస్తుండడం పైనుంచి చూసి, ఇంకో ముగ్గురిని వెంటబెట్టుకుని దిగివచ్చింది ఆ పిల్లే.

"అమ్మమ్మా, మమ్మల్ని గట్టిగ పట్టుకో. ఏం కాదు," అంటూ అత్తగారిని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి నలుగురూ ఎత్తారు. హాస్టల్ మెట్లు ఇంకా కొద్ది దూరమనగా, ముందు నడుస్తున్న ఆ అమ్మాయి ఉన్నపళాన ఛాతీదాకా కుంగిపోయింది. అంత బాధలోనూ కుర్చీ కోడు వదల్లేదు. మిగతావాళ్లు కుర్చీని ఆపి, ఆమెను పైకి లాగేసరికి మోకాలి కింద కాలు విరిగి వేలాడుతోంది. అత్తగారు మాత్రం తడిసి ముద్దయినా క్షేమంగా మేడ ఎక్కారు.

నీళ్లు తగ్గాక చూస్తే, ఎదురింటి ర్యాంపు పక్కనే మ్యాన్‌హోల్ మూత పడి ఉంది. తన ఇంటిముందు నీళ్లు పోవాలని ఆయనే వాచ్‌మన్ చేత తీయించాడట. ఒక కర్ర కూడా గుచ్చలేదేమని అడిగాను.

"నీళ్లు పోవద్దా అమ్మా? ఆ పిల్ల చూసుకుని నడవాల్సింది," అన్నాడు.

ఆ అమ్మాయి కాలికి పిండికట్టుతో ఊరికి వెళ్లిపోయింది. పరుగు పరీక్ష నాటికి నిలబడలేకపోయింది, మళ్లీ నోటిఫికేషన్ పడేసరికి వయసు దాటిపోయింది. మేం ఫిర్యాదు చేస్తే ఎవరో వచ్చి చూసి వెళ్లారు, అంతే. ఇప్పుడామె వాళ్ల ఊళ్లో అంగన్‌వాడీలో పనిచేస్తోంది. ముసురు పడితే కాలు గుంజుతుందని ఫోన్‌లో మామూలుగా చెబుతుంది, నేనే మామూలుగా వినలేను.

మా అత్తగారు ఆ తర్వాత బిందెల ఊసు ఎత్తలేదు. ఎదురింటి నుంచి పెళ్లి శుభలేఖ వస్తే నా చేతికిచ్చి, "పిల్ల కాలు విరిచిన వాళ్లింట్లో అక్షింతలు వెయ్యను, తిరిగిచ్చిరా," అన్నారు. వెళ్లి ఇచ్చి వచ్చాను.

ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఆ ఇల్లు పడగొట్టి ఫ్లాట్లు కట్టారు. ర్యాంపు ఇప్పుడు ఇంటింటికీ ఉంది, మా అపార్టుమెంటుకూ ఉంది, నాలా మాత్రం గోడల మధ్య మరింత ఇరుకైంది. పోయినవాళ్ల మీద కోపం ఉంచుకోకూడదంటారు, నాకు చేతకాలేదు. ఎవరింట్లో మంచాన ఎవరున్నారో ఆ రోజుల్లో సందులో అందరికీ తెలుసు. తెలిసీ గ్రిల్ వేసుకున్నాడని ఆయన్ని తిట్టుకున్నాను, తెలిసే ఆ పిల్లలు దిగివచ్చారు. ఈరోజు మా కింది అంతస్తులో ఎవరుంటున్నారో నాకే తెలియదు. నిన్నటి నీళ్లు ఎవరి ఇంట్లోకి వెళ్లాయో కనుక్కుందామని పొద్దున లిఫ్టు దిగి, ఏ తలుపు తట్టాలో తెలియక కాసేపు నిలబడి, మళ్లీ పైకి వచ్చేశాను.