ఎర్ర క్లిప్పు పెట్టిన కోళ్లు

కెనడాలో గ్వెల్ఫ్ ఊరి చివర కోళ్ల ఫ్యాక్టరీలో నాకు ఉద్యోగం వచ్చిందని చెబితే మా ఆవిడ ముందు నమ్మలేదు. తర్వాత పడీ పడీ నవ్వింది.

"కోడి అరిస్తే పక్క గదిలోకి పోయే మనిషి, మీరు కోళ్లు కోస్తారా?" అంది.

ఆమె యూనివర్సిటీలో చదువుకోవడానికి వస్తే వెంట వచ్చినవాణ్ని నేను. నరసరావుపేటలో లెక్కలు చెప్పుకునే మాస్టారిని ఇక్కడ ఎవరు పిలుస్తారు? ఫ్యాక్టరీవాళ్లు పిలిచారు. వాళ్లకు కావలసింది డిగ్రీ కాదు. నమాజు చేసే మనిషి కావాలి, వణకని చెయ్యి కావాలి. మొదటిది నా దగ్గర ఉంది. రెండోది అక్కడే నేర్చుకున్నాను.

ఆ ఫ్యాక్టరీ కోడి మీద హలాల్ ముద్ర పడాలంటే దాన్ని ఒక ముస్లిం చేత్తో కోయాలి. కోసేటప్పుడు 'బిస్మిల్లాహి, అల్లాహు అక్బర్' అనాలి. ప్రతి కోడికీ విడివిడిగా అనాలి. కొన్నిచోట్ల మిషనే కోస్తుంది, మనిషి పొద్దున ఒకసారి దేవుడి పేరు చెప్పి స్విచ్ వేస్తాడు. అది చెల్లుతుందా చెల్లదా అని మాలో మాకే పెద్ద తగువు. మా ఫ్యాక్టరీది మాత్రం చేతికోత. అలా అని ప్యాకెట్ మీదే రాసి ఉంటుంది.

మా తాత మా ఊళ్లో అందరికీ కోళ్లు కోసిపెట్టేవాడు. అందరికీ అంటే మావాళ్లకే కాదు, హిందువుల ఇళ్లలో అల్లుడొచ్చినా 'సాయిబుగారికి కబురు చేయండి' అనేవారు. తాత కత్తిని కోడికి కనబడకుండా నడుము వెనక దోపుకుని వెళ్లేవాడు. దాని ముందు నీళ్ల గిన్నె పెట్టి, తాగేదాకా అరుగు మీద కూర్చునేవాడు. పొయ్యి రాజేసుకున్న ఇల్లాలు తొందరపెడితే "దానికి తొందరేం లేదు గదమ్మా" అనేవాడు. ఆ తర్వాతే కోడిని పడమరకు తిప్పి, పెదాలు కదిపి, కత్తి ఆడించేవాడు. ఆ పెదాల మధ్య ఏమన్నాడో ఎవరికీ వినబడేది కాదు. ఎవరూ అడిగేవారు కూడా కాదు.

ఇక్కడ కోళ్లకు తొందర ఉంది. తలకిందులుగా గొలుసుకు వేలాడుతూ, అవి బెదరకుండా పెట్టిన నీలం దీపాల కింద నుంచి మా ముందుకు వస్తుంటాయి. కోసేవాళ్లం ఇద్దరం ఈశాన్యం వైపు తిరిగి నిలబడతాం, కెనడా నుంచి మక్కాలోని కాబా అటే గనక. వాస్తు ప్రకారం కూడా బాగా కుదిరిందని మా ఆవిడ ఎగతాళి చేసింది.

నా పక్కన నిలబడేది సోమాలియా పెద్దాయన. గడ్డానికి వల, చేతికి ఇనుప గ్లవ్. నేను అంకుల్ అంటాను, ఆయన నన్ను సన్ అంటాడు. మొదటి రోజే నా చేతిలో ఒక పెట్టె పెట్టాడు. దాన్నిండా ఎర్ర క్లిప్పులు. ఆ మాట అనడం తప్పిపోయిన కోడి కాలికి ఒకటి తగిలించాలి. దాన్ని ముందుకెళ్లాక వేరుచేసి, హలాల్ ముద్ర లేకుండా అమ్ముతారు. "మనం తగిలించకపోతే ఎవరికీ తెలియదు. అందుకే మనల్ని పెట్టుకున్నారు" అన్నాడు.

కొన్ని నెలలు బాగానే గడిచాయి. తర్వాత గొలుసు వేగం పెంచారు.

అక్కడ హోరు ఎక్కువ. చెవుల్లో ప్లగ్గులు పెట్టుకోకుండా లోపలికి రానివ్వరు. ప్లగ్గులు పెట్టుకుంటే నా గొంతు నాకు తల లోపల గొణుగుడులా వినబడుతుంది. వేగం పెరిగాక ఒక కోడికి మొదలుపెట్టిన మాట తర్వాతి కోడి మీద ముగిసేది. నోటితో అన్నానా, మనసులో అనుకున్నానా? అనుమానం వచ్చేసరికి ఆ కోడి దాటిపోయేది. చెయ్యి చాచి అందితే క్లిప్పు పెట్టేవాణ్ని. అందకపోతే ఏమిటి? ఎవరో ఒక తల్లి ఆ ముద్ర చూసి నమ్మి కొనుక్కుపోయి పిల్లలకు వండిపెడుతుంది. నా నోరు తిరిగిందో లేదో ఆమెకెలా తెలుస్తుంది? ఆ ఆలోచన నన్ను తినేసింది.

ఆ రోజుల్లోనే పక్క ఊరు కిచెనర్‌లో ఉండే హైదరాబాదీ మిత్రుణ్ని కుటుంబంతో భోజనానికి పిలిచాం. బిస్కెట్ ప్యాకెట్ వెనకున్న అక్షరాలన్నీ చదివితే తప్ప పిల్లల చేతికివ్వని మనిషి. పంది నుంచి తీసే జెలటిన్ ఎక్కడ దాక్కున్నా పట్టేస్తాడు. నేను ఆటపట్టిస్తాను గానీ, కొత్తగా వచ్చినప్పుడు ఇక్కడ ఏది కొనుక్కోవచ్చో ఏది కూడదో షాపంతా తిప్పి నేర్పింది ఆయనే. మా ఆవిడ కోడికూర, పలావు చేసింది. మా ఫ్యాక్టరీ కోడేనని గొప్పగా చెప్పింది కూడా.

"ఏమనుకోకు భాయ్" అన్నాడాయన. "మీ దగ్గర ఒక్కొక్క దానికి చదువుతరా, లేకుంటే పొద్దుగాల ఒక్కసారి చదివి మిషన్ చాలూ చేస్తరా?"

"చేత్తోనే కోస్తాం. ప్రతిదానికీ అంటాం."

"పక్కానా?"

ఒక్క మాట. అది నా నోట్లోంచి రాలేదు. "అంటామనే అనుకుంటున్నా" అన్నాను.

ఆయన మర్యాదస్తుడు. ఇంకేం అడగలేదు. కోడి ముక్కల్ని మెల్లగా ప్లేటు అంచుకు జరిపి, పప్పు వేయించుకున్నాడు. వాళ్లు వెళ్లాక మా ఆవిడ గిన్నె మీద మూత గట్టిగా పెట్టింది.

"పొద్దున్నించీ వండాను. గట్టిగా ఒక్క మాట చెప్పలేకపోయారా?"

"అబద్ధమైతే?"

 ఆ పూట నుంచి నేను కూడా కోడి ముట్టలేదు.

ఫ్యాక్టరీలో నా క్లిప్పుల పెట్టె తొందరగా ఖాళీ అవడం మొదలైంది. అనుమానం వస్తే క్లిప్పు. అనుమానం వస్తుందేమోనని అనుమానం వచ్చినా క్లిప్పు. పెద్దాయన కంటే ఎన్నో రెట్లు ఎక్కువ పెడుతున్నానని సూపర్‌వైజర్ మా ఇద్దర్నీ పిలిచింది. ఆవిడ ఇక్కడి కోళ్ల రైతుల ఇంట్లో పుట్టి పెరిగిన మనిషి, కోపం తక్కువ. ఇలాగే సాగితే నన్ను ప్యాకింగ్‌లోకి కూడా పంపలేనని, ఉద్యోగమే పోతుందని దాచకుండా చెప్పింది. గొలుసు వేగం ఎక్కువైందన్నాను.

"పైవాళ్లకు ఏదో ఒకటి చూపించాలి. ఆ మాట అనడానికి ఎంతసేపు పడుతుంది?" అని ఫోనులో స్టాప్‌వాచ్ తీసింది. "నువ్వు చెప్పు."

నేను లేచి నిలబడి, ఊపిరి బిగబట్టి, గుక్క తిప్పుకోకుండా అనేశాను. మన చదువులు అంతే గదా, ఎదుట పెద్దవాళ్లు కూర్చుంటే ఎంత గబగబా ఒప్పజెబితే అన్ని మార్కులు. ఆవిడ ఫోను చూసి నవ్వింది.

"సెకను కూడా పట్టలేదే! మరి ఇబ్బందేమిటి?"

నా గొయ్యి నేనే తవ్వుకున్నానని అప్పుడు తెలిసింది. అప్పుడు పెద్దాయన కల్పించుకున్నాడు.

"మేడమ్, ఇప్పుడు ఇతని చేతిలో ఏమీ లేదు. కోడిని పట్టుకుని అనమనండి" అన్నాడు.

బ్రేక్ టైములో గొలుసు ఆపి ఉంది. ఆవిడ తనే ఒక పెట్టెలోంచి కోడిని తీసింది. రెక్కలు నొక్కి పట్టిన తీరులోనే తెలిసిపోయింది, చిన్నప్పట్నుంచీ పట్టుకున్న చెయ్యి. నన్ను గ్లవ్ తీయమని నా చేతుల్లో పెట్టింది. ఇన్ని నెలల్లో నేను కోళ్ల మెడలే చూశాను గానీ ఒక్క కోడినీ ఇలా ఎత్తుకోలేదు. వెచ్చగా ఉంది. వేళ్ల కింద దాని గుండె కొట్టుకుంటోంది. నా చేతిలో కత్తి లేదు, అయినా నోరు పెగల్లేదు. తాత పెట్టే నీళ్ల గిన్నె గుర్తొచ్చింది. చివరికి 'బిస్మిల్లాహి' అన్నాను. ఆగి, 'అల్లాహు అక్బర్' అన్నాను. నాకే ఏడుపొచ్చింది.

ఆవిడ స్టాప్‌వాచ్ నొక్కలేదు. ఫోను కిందికి దించేసింది. "మా నాన్న కోసేముందు టోపీ తీసేవాడు" అని మాత్రం అంది.

గొలుసు వేగం తగ్గించలేదు. అది పైవాళ్ల చేతిలో ఉన్న సంగతి. ఆవిడ పోట్లాడి మూడో మనిషిని వేయించింది. ఇప్పుడు మూడింట ఒక కోడే నా వంతు. ఊపిరి తీసుకుని, మాట పూర్తిగా అని, కోయడానికి వీలుంది. అయినా నా అనుమానం పోలేదు, క్లిప్పులూ తగ్గలేదు.

ఒకరోజు లంచ్‌లో పెద్దాయన అడిగాడు. "సన్, మరిచిపోతే దేవుడు క్షమిస్తాడు. కావాలని వదిలేస్తే అది వేరు. నువ్వెప్పుడైనా కావాలని వదిలేశావా?"

"లేదు."

"మరి ఎవరి మీద నీ అనుమానం? నీ మీదా, ఆ దేవుడి మీదా?"

నాకు ఒళ్లు మండింది. "మీకంత ధైర్యం ఎక్కణ్నుంచి వచ్చింది అంకుల్?" అన్నాను.

ఆయన తన డబ్బా మూత తీసి నా ముందుకు జరిపాడు. అన్నం, కోడి ముక్కలు.

"ఇది మన ఫ్యాక్టరీదే. నేను కోసిందో నువ్వు కోసిందో తెలియదు. నువ్వు చేరినప్పట్నుంచీ ఇదే తింటున్నాను."

బిస్మిల్లా అని ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఆ పెదాలు కదలడం నాకు కనిపించింది.  నా మీద నాకు లేని నమ్మకాన్ని ఈయన ఇన్నాళ్లూ రోజూ మధ్యాహ్నం నా పక్కనే కూర్చుని నములుతున్నాడు. ఆ పూట ఇంటికొస్తూ మా ముద్ర ఉన్న కోడి ఒకటి కొనుక్కొచ్చాను.

ఆ ఆదివారం హైదరాబాదీ మిత్రుణ్ని మళ్లీ పిలిచాం. మా ఆవిడ తెలివైనది, ఈసారి పప్పు ముందే చేసి మధ్యలో పెట్టింది. ఆయన కూర వైపు చూశాడు, నా వైపు చూశాడు. అడగలేదు. నేనే చెప్పాను.

"మాట తప్పిందనిపిస్తే క్లిప్పు పెడతాం, అది ఈ ప్యాకెట్లోకి రాదు. మిగతావన్నీ మా ముగ్గురి నోటి మాట. అంతకంటే పక్కా నా దగ్గర లేదు భాయ్."

అతిథికి వడ్డించకుండా ముందు నేనే వేసుకోవడం మర్యాద కాదు. వేసుకున్నాను. "బిస్మిల్లా" అన్నాను. చెవుల్లో ప్లగ్గులు లేవు, గొలుసు చప్పుడు లేదు. నా గొంతు నాకు స్పష్టంగా వినబడింది. ముక్క నోట్లో పెట్టుకుని నమిలాను. ఎన్ని నెలలైందో, కారం కళ్లలోకి ఎక్కింది.

 ఆయన తన ప్లేటు ముందుకు జరిపి, నాకు వినబడేంత గట్టిగా తనూ "బిస్మిల్లా" అన్నాడు. మా ఆవిడ పప్పు గిన్నె తీసుకెళ్లి లోపల పెట్టేసింది.