ఆనందమ్మ మిషను, నల్లోడి బెదురు

ఆనందమ్మకు అసూయంటే ఏమిటో తెలియదని మొగుడు జకరయ్య మాస్టారు పదిమందిలో గొప్పగా చెప్పుకునేవారు. పాపం, పెళ్ళాం గురించి మగవాళ్ళకు తెలిసేది అంతే. తోడికోడలు జరీచీర కట్టినా, చెల్లెలు మేడ కట్టించినా ఆవిడ కడుపు మండలేదన్న మాట నిజమే. మండింది ఒక కుక్క దగ్గర.

బందరులో రేవుకు పోయే దారిలో వాళ్ళది పెంకుటిల్లు. పిల్లలు లేని ఆ ఇంట్లో నల్లోడనే కుక్క ఉండేది. వానలో తడిసి గుమ్మంలోకి వచ్చిన కూనను ఆనందమ్మే గుడ్డలో చుట్టి, వేలితో పాలు నాకించి బతికించింది. సాయంత్రం కుటుంబ ప్రార్థనలో ఆవిడ మోకరిస్తే వాడు పక్కనే పడుకునేవాడు. ఆమెన్ అనగానే లేచి ఒళ్ళు దులుపుకునేవాడు.

పందొమ్మిదివందల యాభై ఎనిమిదిలో మాస్టారు గుడివాడ నుంచి కుట్టుమిషను తెచ్చారు. ఆనందమ్మ సంబరానికి అంతు లేదు. క్రిస్మసు దగ్గరపడుతోంది, సంఘంలో ఇంటింటికీ కొత్తబట్టలు కావాలి, గౌన్లూ జాకెట్లూ కుప్పలు పడ్డాయి. ఆవిడ పెడలు మీద కాలు వేసింది. మిషను దడదడమంది. నల్లోడు తోక ముడిచి ఒక్క దూకు దూకి దడి దాటాడు. దాటి ఎక్కడికి వెళ్ళాడనుకున్నారు? పక్కింటి సూర్యకుమారి అరుగు మీదికి.

సూర్యకుమారి మొగుడు వెంకటపతి సముద్రం మీద వేటకు వెళ్ళేవాడు. ఆమె పగలంతా అరుగు మీద కూర్చుని చిరిగిన వలలు బాగుచేసేది. ఆ వలకుప్ప మీద నల్లోడు ముడుచుకున్నాడు. ఇక అదే వాడి ఇల్లయిపోయింది. అన్నానికి వచ్చినా, మిషను ఆగిందో లేదో చెవులు రిక్కించి విని, రెండు ముద్దలు మింగి పారిపోయేవాడు. ప్రార్థనకు రావడం మానేశాడు.

ఆనందమ్మ భగ్గుమంది. సూర్యకుమారే చేపలు మప్పి వాణ్ణి లాక్కుందని తీర్మానించేసింది. అసలు సూర్యకుమారి పిలిచిందీ లేదు, పెట్టిందీ లేదు. అయినా అసూయకు సాక్ష్యాలతో పనేముంది? తనూ ఎండుచేపలు తెప్పించి మిషను కింద పళ్ళెంలో పెట్టింది. వాడు రాలేదు, వీధిలో పిల్లులన్నీ వచ్చాయి. ఇలా కాదని వాణ్ణి పట్టి తెచ్చి మిషను కాలికి కట్టేసి కుట్టడం మొదలెట్టింది. వాడు గింజుకుని, తాడు తెంపుకుని, ఎవరిదో పరికిణీ గుడ్డ చింపి, పోయి సూర్యకుమారి ఒళ్ళో తల దూర్చాడు. ఆమె వాడి వీపు నిమరడం దడి మీంచి చూసిన ఆనందమ్మకు ఆ పూట ముద్ద దిగలేదు. పెంచింది తనూ, నిమిరేది ఆవిడా అని మొగుడి మీద విరుచుకుపడింది. పోనీ మిషను అమ్మేద్దామా అని ఆయన అడిగితే దానికీ ఏడ్చింది.

చివరికి సూర్యకుమారే దడి దగ్గరికి వచ్చింది.

"వదినా, వాడికి నువ్వంటే భయం కాదు, ఆ చప్పుడంటే భయం. నేను వల తెచ్చుకుని మీ గుమ్మంలో కూర్చుంటాను. నువ్వు తొక్కకు. చక్రం చేత్తో మెల్లిగా తిప్పు."

ఆనందమ్మకు ఒళ్ళు మండింది. తన కుక్కను తనకు మాలిమి చెయ్యడానికి పక్కింటావిడ కావాలా? కానీ వాడు లేకుండా ఇల్లు ఇల్లులా లేదు. రమ్మంది.

సూర్యకుమారి గుమ్మంలో వల పరిచింది. నల్లోడు ఆ వాసన పట్టుకుని వచ్చి దాని మీద కూర్చున్నాడు. ఆనందమ్మ బెల్టు తప్పించి, పై చక్రం చేత్తో తిప్పింది. వాడు వణికాడు గానీ పోలేదు. మర్నాడు వల గదిలోకి జరిగింది. తర్వాత బెల్టు తగిలించి నెమ్మదిగా తొక్కింది. అలా జరుగుతూ జరుగుతూ వల మిషను పక్కకు చేరింది. క్రిస్మసు వారంలో ఓ మధ్యాహ్నం మిషను దడదడలాడుతుంటే నల్లోడు ఆవిడ పాదం పక్కనే గురకపెట్టి నిద్రపోయాడు. ఆనందమ్మకు ఏడుపొచ్చింది. అందులో సగమైనా కృతజ్ఞత ఉండాల్సింది. లేదు, అంతా గెలిచానన్న సంతోషమే.

పొద్దు వాలింది. సూర్యకుమారి వల చుట్టి భుజాన వేసుకుని లేచింది. గుమ్మంలో ఆగి, "రారా నల్లోడా" అంది. ఆనందమ్మ కాలు ఆగిపోయింది. వాడు కళ్ళు తెరిచి చూశాడు, తోక ఒకసారి నేలకు కొట్టాడు, లేవలేదు.

సూర్యకుమారి నవ్వబోయింది, నవ్వు రాలేదు. వెంకటపతి వేటకు వెళ్తే రోజుల తరబడి ఆ అరుగు మీద ఆమె ఒక్కతే. ఆ ముఖం చూడగానే ఆనందమ్మ మనసు చివుక్కుమంది. ఇన్నాళ్ళూ దడి ఇవతల తను పెట్టుకున్న ముఖం అదే. వెళ్ళరా అని ఒక్క మాట అంటే చాలు. నోటిదాకా వచ్చింది కూడా.

సూర్యకుమారి మళ్ళీ పిలవడానికి నోరు తెరిచింది. ఆ పిలుపు వాడి చెవిన పడకముందే ఆనందమ్మ పెడలు మీద కాలు వేసి, గుడ్డ లేని మిషనును గబగబా తొక్కింది.