కింది జేబు

మా బాన్సువాడల ఇండ్లు కట్టే కాంట్రాక్టర్ అన్న ఒకాయన ఉండేటోడు. డైరీలంటే ఆయనకు పడదు. లెక్కలన్నీ పాత పెండ్లి కార్డుల వెనుక రాసుకునేటోడు. ఖాయమైనవి అంగీ జేబుల, నమ్మకం లేనివి పాంటు జేబుల. సిమెంటు, ఇటుకలు పైన ఉండేవి. నల్లరేగడి, ముసురు, చెరుకు లారీల నడుమ ఇరుక్కునే ఇసుక ట్రాక్టరు, ఇవన్నీ కింది జేబుల ఉండేవి. ఎవరికైనా రేటు చెప్పే ముందు కింది జేబు తడిమి చూసుకునేటోడు. అది లావుగుంటే రేటు కూడా లావే.

నేను ఇల్లు కట్టుకుందామని పిలిస్తే జాగంతా తిరిగి, లెక్క రాసిన కార్డు పైజేబుల పెట్టుకున్నడు. పోతూ పోతూ ఆగి అడిగిండు.

"పని కాడ ఎవరుంటరు తమ్మీ?"

"నాకు డ్యూటీ గదన్నా. బీర్కూర్ నుంచి మా అత్త వచ్చి చూసుకుంటది."

అన్న ఆ కార్డు బయటికి తీసి, ఇంకో ముక్క రాసి, కింది జేబుల దోపుకున్నడు. రేటు పెరిగింది. నాకు ఒళ్ళు మండింది గానీ ఒప్పుకున్న.

అత్త వంటింటిని రెండుసార్లు జరిపించింది. మెట్లు లోపలికి తెప్పించి, మళ్ళా బయటికి పంపింది. గృహప్రవేశం నాడు భయపడుకుంట అడిగిన.

"ఖర్చు ఎక్కువేమన్న అయిందా అన్నా?"

"చెప్పిన రేటే తమ్మీ. ఏం పెరగలే."

అత్త మురిసిపోయింది. "చూసినవా అల్లుడా, నేను దగ్గరుండి చేయిస్తె గిట్లుంటది!"

అన్న పాంటు జేబు మీద మెల్లగ తట్టిండు.

"నువ్వు ముందుగాల్నే గీ జేబుల ఉన్నవ్ అవ్వా."